సింగిల్ స్టెప్‌లో లైను మాయమైతే ముందు చూడాల్సింది డీబగ్గర్ని కాదు

ఒకరు 8086కి (ఇంటెల్ వాళ్ల పాత ప్రాసెసర్) సొంతంగా డీబగ్గర్, అంటే ప్రోగ్రాంలో తప్పులు వెతికే సాధనం, రాస్తున్నారట. ట్రాప్ ఫ్లాగ్ (ఒక్కో అడుగుకీ ఆగమని ప్రాసెసర్‌కి చెప్పే బిట్) పెట్టి ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడిపిస్తుంటే మూవ్ ఎస్ఎస్ (స్టాక్ ఏ సెగ్మెంట్లో ఉందో చెప్పే ఎస్ఎస్ రిజిస్టర్ని మార్చేది) తర్వాతి లైను కనబడకుండా పోతోంది, ఎలా సరిచెయ్యాలి అని అడిగారు.

సరిచెయ్యక్కర్లేదండి. ఆ లైను ఎక్కడికీ పోలేదు, శుభ్రంగా నడిచింది. ఎస్ఎస్ మారి, స్టాక్ పైభాగాన్ని చూపే ఎస్పీ ఇంకా మారని ఆ సందులో ఇంటరప్ట్ (ప్రాసెసర్ని మధ్యలో ఆపి వేరే పనికి పిలిచే సంకేతం) వస్తే ఫ్లాగులూ రిటర్న్ అడ్రసూ ఎవరి మెమరీలోనో పడతాయి. అందుకే మూవ్ ఎస్ఎస్, పాప్ ఎస్ఎస్ తర్వాత ఇంకొక్క ఇన్‌స్ట్రక్షన్ అయ్యేదాకా ఇంటెల్ వాళ్లే ఇంటరప్టులు ఆపేశారు, సింగిల్ స్టెప్‌తో సహా. మొదట్లో వచ్చిన 8088 (8086కి తమ్ముడు) చిప్పుల్లో ఈ జాగ్రత్త పనిచెయ్యలేదు, పాత కోడ్‌లో దాని ముందు సీఎల్ఐ (ఇంటరప్టులు ఆపమనే ఆదేశం) కనబడేది అందుకే. తెర మీద ఆ రెండు లైన్లూ కలిపి చూపించండి, సరిపోతుంది.

మనిషిని నిజంగా ఏడిపించేది, ఫ్లాగులన్నిటినీ స్టాక్ మీద దాచే పుష్‌ఎఫ్.

గుంటూరు మిర్చి యార్డుకి అవతల ఒక కోల్డ్ స్టోరేజీలో లారీల కాటా ఉంది. లెక్కంతా పాత డాస్ ప్రోగ్రాం మీదే. రాసినాయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు, ఇక సోర్సు మాట దేవుడెరుగు. మంచి సీజన్లో, మార్చిలో, ఇండికేటర్ మీద తూకం సరిగ్గానే వస్తోంది గానీ కంప్యూటర్లో ముందు లారీ బరువే పడుతోంది. మిర్చి టిక్కీలతో (బస్తాలతో) లారీలు రోడ్డు దాకా నిలబడ్డాయి. ఘాటుకి తుమ్ముతూ కూర్చుని, మా షాపులో చేతులు మారుతుండే చిన్న ట్రేసర్ (ఒక్కో అడుగు నడిపి చూపించే ప్రోగ్రాం) ఎక్కించాను. ఎవరో కుర్రాడు ప్రాజెక్టు కోసం రాసి వదిలేసింది. సీరియల్ పోర్టు బఫర్ చదివే చోట నాలుగు లైన్లు స్టెప్ చేసి, ఇక చాల్లే అని, ఆగకుండా నడవమని గో కొట్టాను. నేను ఆగమని బ్రేక్‌పాయింట్ పెట్టని చోట ఆగింది. మళ్లీ అక్కడ స్టెప్ చేసి గో కొడితే మళ్లీ అదే కథ.

వెనకాలే నిలబడ్డ గుమస్తా గారు, "ఏవండీ, దాన్ని మీరు నడుపుతున్నారా, మిమ్మల్ని అది నడుపుతోందా?" అన్నారు.

ఆ ప్రోగ్రాం బఫర్ ముట్టుకునే ముందు పుష్‌ఎఫ్, సీఎల్ఐ, అయ్యాక ఆ ఫ్లాగుల్ని తిరిగి తెచ్చే పాప్‌ఎఫ్ చేస్తోంది. తప్పేం లేదు, అందరూ చేసేదే. కానీ స్టెప్ చేస్తున్నంతసేపూ ఫ్లాగుల్లో 8వ బిట్ (ట్రాప్ ఫ్లాగ్) ఒకటిగా ఉంటుంది. అప్పుడు పుష్‌ఎఫ్ నడిస్తే ఆ ఒకటి కూడా స్టాక్ ఎక్కి కూర్చుంటుంది. గో కొట్టినప్పుడు ట్రేసర్ తన వంతు ఫ్లాగ్ తీసేసింది. కాసేపటికి పాప్‌ఎఫ్ పాత ఫ్లాగ్‌ని మళ్లీ దించింది, వెంటనే ఇంటరప్ట్ 1, అంటే సింగిల్ స్టెప్ ఇంటరప్ట్. దీనికి మందు ఒక్కటే. స్టెప్ చేసే ముందు రాబోయే బైటు 9సి (పుష్‌ఎఫ్ కోడ్) అవునో కాదో చూడాలి, దాని ముందు తగిలించే ప్రిఫిక్స్ బైట్లుంటే వాటిని దాటి చూడాలి. అవునంటే, స్టెప్ అయ్యాక స్టాక్ పైన పడ్డ ఫ్లాగుల్లో 8వ బిట్ చెరిపెయ్యాలి. అక్కడే కూర్చుని ఆ ముక్క కలిపాను. ఆ తర్వాత అసలు జబ్బు, బఫర్ ఖాళీ చెయ్యకపోవడం, ఇట్టే దొరికింది.

మన గుంటూరు, బెజవాడ మధ్య ఇంజనీరింగ్ కాలేజీలకి కరువా? 8086 ల్యాబ్ అంటే రెండు నంబర్లు కూడించడం, రికార్డులో స్కేలు పెట్టి ఫ్లోచార్ట్ గీయించడం. వైవాలో ట్రాప్ ఫ్లాగ్ ఎన్నో బిట్ అని అడుగుతారు. అది పెడితే ఏమవుతుందో కిట్ మీద చూపించిన మాస్టారు నాకింతవరకు తగల్లేదు.

ఇదంతా ముసలి చిప్పు గొడవ అనుకునేవాళ్లకి ఒక మాట. మూవ్ ఎస్ఎస్ దగ్గర ఆగిన డీబగ్ ఎక్సెప్షన్ (అదే ఇంటరప్ట్ 1), తర్వాతి లైను ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నెల్‌లోకి దూకేదైతే, లోపలికెళ్లాక పేలుతుంది. 2018 మేలో ఈ ఒక్క కారణానికే విండోస్, లినక్స్, మాక్‌ఓఎస్ అన్నిటికీ ప్యాచ్‌లు వచ్చాయి. అంతంత పెద్దవాళ్లే మాన్యువల్లో ఆ పేరా సరిగ్గా పట్టించుకోలేదు.

ఇవన్నీ చేశాక కూడా స్టెప్‌లో ఒకలా, మామూలుగా ఒకలా నడుస్తుంటే ప్రీఫెచ్ క్యూని (ప్రాసెసర్ ముందుగానే తెచ్చిపెట్టుకునే కోడ్ బైట్ల వరసని) అనుమానించండి. 8086లో అది 6 బైట్లు, 8088లో 4. తన కోడ్ తనే మార్చుకునే ప్రోగ్రాం మామూలుగా నడిచేటప్పుడు క్యూలో ఉన్న పాత బైట్లే నడుపుతుంది, స్టెప్‌లో మాత్రం క్యూ ఖాళీ అయ్యి కొత్తవి నడుస్తాయి. కాపీ ప్రొటెక్షన్ రాసేవాళ్లకి ఇది ఇష్టమైన కిటుకుగా ఉండేది. అలాంటిది తగిలితే స్టెప్ మానేసి, ఆ ముక్క దాటాక బ్రేక్‌పాయింట్ పెట్టి గో కొట్టండి.