శ్రేణీకరణా, వరుస పెట్టడమా?

సందేహం: బీఎస్సీ పిల్లలకు పురావస్తువుల 'సీరియేషన్' (పోలికలను బట్టి వాటిని వరుసలో పెట్టే పద్ధతి) పరిచయం చేస్తూ బోర్డు మీద 'శ్రేణికరణ' అని రాశాను. ఒక సహోద్యోగి 'శ్రేఢీకరణ' అనాలన్నారు. ఏది ఒప్పు? 'కాలక్రమ నిర్ణయం' అంటే సరిపోతుందా?
– ఒక అధ్యాపకురాలు, ఒంగోలు

సమాధానం: మొదటి రెండూ కావు. 'శ్రేణీకరణ' అని దీర్ఘం ఉండాలి. అంతకుముందు అలా లేనిది అలా కావడాన్ని చెప్పే సంస్కృత 'చ్వి' ప్రత్యయం చేరితే చివరి అ, ఇ రెండూ 'ఈ' అవుతాయి. ఏకీకరణ, స్పష్టీకరణ అలా వచ్చినవే. శ్రేఢి సంగతి వేరు. పదో తరగతి అంకశ్రేఢిలో 3, 7, 11 అంటూ తేడా ఎప్పుడూ ఒకటే. తవ్వకాల్లో దొరికే కుండలు అంత బుద్ధిగా ఉండవు.

నన్నడిగితే మొదటి రోజు ఈ సంస్కృతమూ వద్దు, 'వరుస పెట్టడం' అనండి. మన వరుసకు క్రమమనే కాక చుట్టరికమనీ అర్థం ఉంది. నెల్లూరు వైపు పెద్దవాళ్లు "మనకేం వరసవుతావబ్బయా?" అని ఆరా తీసేది ఈ రెండోదే. సీరియేషన్‌లో రెండూ ఉన్నాయి: చుట్టరికం తేల్చుకొని, దగ్గరివాటిని పక్కపక్కన పెట్టడం. ఫ్లిండర్స్ పీట్రీ అనే పురావస్తు శాస్త్రవేత్త ఈజిప్టు సమాధులకు ఇదే చేసి 1899లో ప్రకటించాడు. సమాధికో అట్టముక్క రాసుకొని, ఒకే తీరు కుండలున్నవి దగ్గర చేరేదాకా జరుపుకుంటూ పోయాడు. కుండను పట్టుకోడానికి పనికొచ్చిన అలల్లాంటి పిడి పోనుపోను ఉత్త గీతగా మిగలడం ఆయనకు పెద్ద ఆధారం.

చుట్టరికాన్ని అంకెల్లో పెట్టే దారి 1951లో బ్రెయినర్డ్, రాబిన్సన్ అనే పరిశోధకులు చూపించారు. మీ జిల్లాలో చందవరం బౌద్ధ స్థలం ఉంది కాబట్టి తవ్వకమంటే పిల్లలకు కొత్త కాదు. మూడు గుంటలు అనుకోండి (అంకెలు నేను వేసుకున్నవే). నల్లకుండలు 'క'లో నూటికి 60, 'గ'లో 40, 'చ'లో 10, మిగిలినవన్నీ ఎర్రవి. ఒక్కో రకంలో శాతాల తేడాలు కూడి 200 నుంచి తీసేయాలి. క–గ తేడా 20, 20, మిగిలేది 160. గ–చకు 140, క–చకు 100. అచ్చం ఒకేలా ఉంటే 200 వచ్చేది. అంకె ఎంత పెద్దదైతే చుట్టరికం అంత దగ్గర. అన్నిటికంటే తక్కువ వచ్చిన క, చ చెరో కొసకు పోతాయి కాబట్టి 'గ' నడుమ కూర్చుంటుంది.

కానీ 'క' ముందా, 'చ' ముందా? ఈ లెక్క చెప్పదు. ఏ కొస పాతదో తేల్చడానికి మట్టి పొరల సాక్ష్యమో, కార్బన్ పరీక్షో కావాలి. అందుకే 'కాలక్రమ నిర్ణయం' అన్న పేరు ఈ పాఠానికి పెట్టకండి.