రంగులరాట్నం గుర్రాల కోసం మూడు రూపాయల వడ్డీకి పోవాలా?

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర పల్లె. నాన్న జాతరల్లో తిప్పిన రంగులరాట్నం ఏళ్లుగా కొట్టంలో పడి ఉంది. 12 చెక్క గుర్రాలు. రంగు పెచ్చులూడింది, కొన్నింటికి చెవులు, కాళ్లు విరిగాయి. నాకు వడ్రంగం వచ్చు. చేతిలో 60 వేలున్నాయి. మూడు రూపాయల వడ్డీకి 2 లక్షలు ఇస్తామంటున్నారు. తీసుకుని అన్నీ ఒకేసారి బాగుచేయనా?

జవాబు: తీసుకోకండి. నూటికి మూడు రూపాయల చొప్పున 2 లక్షలకు నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. అసలు అట్లాగే ఉంటుంది. రాట్నం తిరిగేది జాతరలప్పుడే: కార్తీకంలో కురుమూర్తి, మాఘంలో చెర్వుగట్టు. పెద్దగట్టు రెండేళ్లకోసారి. వానాకాలంలో రాబడి ఉండదు, వడ్డీ మాత్రం ఆగదు. ఆ గుర్రాలు మళ్లీ తిరగాలని నాకూ బలంగా ఉంది. అందుకే ఇంత గట్టిగా వద్దంటున్నాను.

ఉన్న 60 వేలతోనే మొదలుపెట్టండి. రంగుల కంటే ముందు నడిమి స్తంభం, బేరింగులు, గుర్రాల రాడ్లు, వెల్డింగులు మెకానిక్‌కు చూపించండి. ఎక్కేది పిల్లలు, ఇక్కడ పైసా కూడా తగ్గించొద్దు. మిగిలిన దాంతో ఆరు గుర్రాలే చేయండి. బరువు ఒకపక్కకు ఒరగకుండా ఎదురెదురుగా బిగించండి. పుచ్చిన చెక్క తీసి కొత్త ముక్క అతికించడం మీ చేతి పనే కాబట్టి లప్పం, ప్రైమర్, ఎనామిల్ పెయింట్ ఖర్చే పడుతుంది.

పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు. మన దేశంలో పెయింట్లలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) పరిమితి అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అందుకని పొడిగా రుద్దకండి. తడిపి గీకండి, మాస్కు కట్టుకోండి, ఇంట్లో పిల్లల్ని అటు రానివ్వొద్దు.

గీకే ముందు ఇంకో మాట. జీను అంచున అగ్గిపెట్టెంత మేర మెల్లగా గీకితే కింది పొరల రంగులు ఒక్కొక్కటే బయటపడతాయి. ఫొటోలు తీసుకోండి. ఒక గుర్రాన్ని మాత్రం ముట్టుకోకుండా ఉంచేయండి. అమెరికాలో డెంట్జెల్ లాంటి పేరున్న కార్ఖానాల పాత గుర్రాలకు మొదటి రంగు మిగిలి ఉంటే సేకరించేవాళ్లు ఎక్కువ ధర పెడతారు. మీకు అలాంటి ధర వస్తుందని లెక్క వేసుకోవద్దు. కానీ నాన్న వేసిన రంగు ఒక్కదాని మీదైనా ఉండాలి కదా, దానికి ఖర్చేమీ లేదు.

అప్పు తప్పదనుకుంటే పీఎం విశ్వకర్మకు దరఖాస్తు చేయండి. 2023లో మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది. శిక్షణ అయ్యాక తాకట్టు లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు ఇస్తారు, 18 నెలల్లో కట్టాలి. కిస్తీ సుమారు 5,780 రూపాయలు, మొత్తం వడ్డీ 4 వేల చిల్లర. ఇంటికి ఒక్కరికే ఇస్తారు కాబట్టి ఇంట్లో ఇంకెవరూ పెట్టుకోలేదని చూసుకోండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్‌తో సీఎస్‌సీకి (కామన్ సర్వీస్ సెంటర్) వెళ్తే నమోదు చేస్తారు. మొదటి జాతర డబ్బులోంచి వానాకాలం కిస్తీలు పక్కన పెట్టాకే మిగతా గుర్రాలకు చేయి వేయండి.