ఎం5లో ముందు ఒక్క తారని పట్టుకో

శ్రావణీ,

టెలిస్కోపు వచ్చిందనీ, గోళాకార తారాగుచ్ఛాల్లో (బంతిలా కిక్కిరిసిన తారల గుంపుల్లో) చర తారలు, అంటే వెలుగు పెరిగి తగ్గే తారలు, చూస్తాననీ రాశావు. ఎంత సంతోషమేసిందో! అయితే ఒమేగా సెంటారీ గుచ్ఛంతో మాత్రం మొదలుపెట్టకు. అది గుంటూరులో దక్షిణాన 26 డిగ్రీలకి మించి లేవదు, ఆ ఎత్తులో దుమ్ము, వీధిదీపాల వెలుగు తప్ప ఏం మిగలదు. ఎం5 అనే గుచ్ఛాన్ని పట్టుకో. స్వాతి నుంచి జ్యేష్ఠకి గీత గీస్తే మూడో వంతు దాటాక ఆ గీత పక్కనే ఉంటుంది, దాదాపు నడినెత్తికి వస్తుంది.

దాంట్లో చర తారలు వందకి పైనే. నువ్వు ఈ సీజనంతా వి42 అనే తార ఒక్కదాన్నే చూడు. అది రెండో రకం సెఫీడ్, అంటే ఉబ్బుతూ కుంచించుకుంటూ వెలుగు మార్చుకునే తార, సుమారు 26 రోజులకోసారి పెరిగి తగ్గుతుంది, తేడా ఒక మాగ్నిట్యూడ్ (వెలుగుకి కొలత, అంకె పెరిగితే తార మసక) పైనే, కాబట్టి బ్రాడీపేట డాబా మీంచి కూడా దొరుకుతుంది. ఫిబ్రవరిలో అర్ధరాత్రి దాటాక మొదలుపెడితే వానలొచ్చేలోపు మూడు నాలుగు ఆవృత్తాలు చేతికొస్తాయి.

ఫొటో అందంగా రావాలని ఎక్స్‌పోజర్ పెంచకు, తార మధ్యభాగం తెల్లగా మాడిపోతే ఇక కొలవడానికేం ఉండదు. రా ఫైళ్లే (కెమెరా మార్పులు చెయ్యనివి) దాచు. పోలికకి అదే ఫ్రేములో మాగ్నిట్యూడ్ తెలిసిన, రంగు దగ్గరగా ఉన్న నిలకడ తారలు రెండు మూడు ఎంచుకుని చివరిదాకా వాటినే వాడు. అసలు చిక్కు తారలు కిక్కిరిసి ఉండడంతోనే. గాలి నిలకడగా లేని రాత్రి తారలన్నీ ఉబ్బుతాయి, పక్కతార వెలుగు వెలుగు కొలవడానికి తార చుట్టూ నువ్వు గీసే వృత్తంలోకి జారుతుంది, వి42 పెరిగిందని పొరబడతావు. అలాంటి రాత్రి కొలత పక్కన గుర్తు పెట్టు, కొట్టెయ్యకు.

టైము యూటీలోనే (ప్రపంచమంతా వాడే సార్వత్రిక కాలంలో) రాయి, మన టైములోంచి అయిదున్నర గంటలు తీసెయ్. మనకో సుఖముంది, జూలియన్ తేదీ (ఖగోళం వాళ్లు రోజులకి వేసే వరస నంబరు) మన సాయంత్రం 5:30కి మారుతుంది, అంటే రాత్రంతా ఒకే నంబరు, తెల్లారేదాకా కూర్చున్నా లెక్క తికమక పడదు.

ఆర్ఆర్ లైరేలు, అంటే రోజు తిరక్కుండానే పెరిగి తగ్గే చర తారలు, పై ఏడాదికి ఉంచు. అసలు మజా వాటిదే, నాకు మహా ఇష్టం. ఒక గుచ్ఛంలో వాటి సగటు వెలుగు దాదాపు ఒకటే కాబట్టి దూరం తేలుతుంది, ఎం5 దూరం సుమారు 24,500 కాంతి సంవత్సరాలు. గుచ్ఛాల దూరాలు ఇలా చర తారలతో లెక్కకట్టే 1918లో ఖగోళ శాస్త్రవేత్త షాప్లీ మన సూర్యుడు పాలపుంత నడిమధ్యన లేడని తేల్చాడు. కానీ ఎం5లో అవి 15వ మాగ్నిట్యూడ్ దగ్గరుంటాయి, పైగా చాలావాటికి ఆవర్తన కాలం అరరోజు చుట్టుపక్కలే, రోజూ ఒకే టైముకి చూస్తే ఇంచుమించు ఒకే దశ కనపడి అసలు మారడంలేదేమో అనిపిస్తుంది. ఒకరోజు సాయంత్రం, ఇంకోరోజు తెల్లవారుజామున చూడాలి.

మొదటి వారం ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని విజయవాడ రా, వృత్తం ఎంత పెట్టాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య