రేసు ట్రాకుకు కారును మోసుకెళ్లే ట్రెయిలర్ ఎలా ఉండాలి?

ప్రశ్న: నా పాత మారుతీ జెన్ కారులో సీట్లు, లోపలి అట్టలు తీసివేసి, రోల్ కేజ్ (బోల్తా పడితే కాపాడే ఉక్కు గొట్టాల పంజరం) బిగించి, దానిని రేసు ట్రాకు కోసమే ఉంచుకున్నాను. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, రుసుము కట్టి సొంత కారును ట్రాకుపై నడుపుకునే రోజులకు ఏడాదికి ఐదారుసార్లు వెళ్లాలని ఉంది. వేబ్రిడ్జి మీద కారు 740 కిలోలు తూగింది. లాగడానికి మహీంద్రా బొలెరో ఉంది. ఆర్సీలో దాని ఖాళీ బరువు 1615 కిలోలు. ఇక్కడి వర్క్‌షాపు మేస్త్రీ ఒకే ఇరుసుతో, పైన మొత్తం చెకర్ ప్లేటు (జారకుండా గరుకు గీతలున్న ఉక్కు రేకు) పరిచి, బ్రేకులు లేకుండా తక్కువ ఖర్చులో ట్రెయిలర్ చేసిస్తానంటున్నాడు. చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఆ పద్ధతిలో చేయించుకోవద్దు. మేస్త్రీ పనితనం మీద అనుమానంతో ఈ మాట చెప్పడం లేదు. మీరు వ్రాసిన అంకెలే ఆ ట్రెయిలర్ మీకు సరిపోదని చెబుతున్నాయి.

మొదట బొలెరోతో వచ్చిన యజమాని పుస్తకం తెరిచి, ఎంత బరువు లాగవచ్చని కంపెనీ చెప్పిందో చూడండి. అందులో అంకె కనిపించకపోతే డీలరు ద్వారా వ్రాతపూర్వకంగా తెప్పించుకోండి, ఎందుకంటే ఆ అంకెను మించి ఏ లెక్కా చెల్లదు. దానికి లోబడి ఇంకొక జాగ్రత్త లెక్క ఉంది. బ్రిటన్‌లో కారవాన్లు (ఇల్లులా అమర్చిన ట్రెయిలర్లు) లాగడం కొత్తగా నేర్చుకునేవారికి, ట్రెయిలర్ మొత్తం బరువు లాగే వాహనం బరువులో 85 శాతం దాటకూడదని చెబుతారు. మీ బొలెరోకు అది సుమారు 1370 కిలోలు అవుతుంది. మీ కారు 740 కిలోలు, స్పేర్ చక్రాలు, జాకీ, పనిముట్లు కలిపి 110 కిలోలు అనుకుంటే, ట్రెయిలర్ తన సొంత బరువుకు మిగిలేది 520 కిలోలు మాత్రమే.

చెకర్ ప్లేటు సంగతి ఇక్కడే తేలుతుంది. 4 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు రేకు చదరపు మీటరుకు 31 కిలోలకు పైగా తూగుతుంది. 4 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు మొత్తం పరిస్తే ఆ రేకు ఒక్కటే 225 కిలోలు దాటుతుంది. దానికి బదులు చక్రాలు నడిచే చోట మాత్రమే 40 సెంటీమీటర్ల వెడల్పుతో రెండు దారులు వేయిస్తే, అదే రేకు వంద కిలోలతో సరిపోతుంది. మీ కారు పొడవు మూడున్నర మీటర్లు కాబట్టి 4 మీటర్ల తలం చాలు. మధ్యలో ఖాళీ ఉంటే కారు కిందికి వంగి బెల్టులు కట్టడం కూడా తేలికవుతుంది.

ఇక బ్రేకుల విషయంలో నేను ఏ మాత్రం రాజీపడను. ఐరోపా దేశాలలో బ్రేకులు లేని ట్రెయిలర్ సరుకుతో కలిపి 750 కిలోలు దాటకూడదన్నది నియమం. మీ కారు ఒక్కటే దాదాపు అంత ఉంది. పైగా మీ దారిని గుర్తుకు తెచ్చుకోండి: అనంతపురం నుంచి 44వ జాతీయ రహదారి మీద పెనుకొండ, బాగేపల్లి దాటి బెంగళూరు చేరేసరికి సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తుకు ఎక్కుతారు, ఆ ఎత్తంతా హోసూరు, కృష్ణగిరి, వాణియంబాడి మీదుగా మళ్లీ దిగవలసి ఉంటుంది. ఆ దిగుడులో పదమూడు వందల కిలోలు వెనకనుంచి తోస్తూ ఉంటే, రెండు బళ్ల బరువునూ బొలెరో బ్రేకులే భరించాలి. అందుకే తోపుడు బ్రేకులు ఉన్న ట్రెయిలర్ తీసుకోండి. మీరు బ్రేకు వేయగానే ట్రెయిలర్ ముందుకు తోసుకువస్తుంది. ఆ తోపుడుకే కప్లర్ (ట్రెయిలర్‌ను లాగే బండికి తగిలించే ముందు కొస) వెనక ఉన్న కడ్డీ లోపలికి జరిగి, తీగను లాగి, చక్రాల డ్రమ్ములలోని బ్రేకులను పట్టిస్తుంది. వెనక్కు నడిపేటప్పుడు కూడా ఇవి పట్టుకునే అవకాశం ఉంది కనుక, రివర్సులో వాటంతట అవే వదిలే ఏర్పాటు ఉన్నవి అడగండి. ట్రెయిలర్ ఊడిపోతే దాని చేతిబ్రేకును లాగేసే సన్నని తీగ, కప్లర్ కింద కత్తెర ఆకారంలో వేసే రెండు గొలుసులు తప్పనిసరిగా ఉండాలి.

ఒకే ఇరుసు, జంట ఇరుసులలో నేను రెండవదానినే ఎంచుకుంటాను. మొత్తం 1300 కిలోలలో వంద కిలోలు కప్లర్ మీద పడితే, ఒకే ఇరుసున్నప్పుడు ఒక్కొక్క టైరు 600 కిలోలు మోయాలి. టైరు పక్కగోడ మీద లోడు అంకె 90 అని ఉంటే అది సరిగ్గా 600 కిలోలకే, అంటే గుంతలో పడ్డప్పటి దెబ్బకు మిగులేమీ ఉండదు. జంట ఇరుసులైతే టైరుకు 300 కిలోలు. 515 కిలోలు మోసే 85 అంకె టైరు కూడా నిశ్చింతగా సరిపోతుంది. ఒక టైరు పగిలినా బండి ఒక పక్కకు కూలబడదు. వేసవిలో అనంతపురం రోడ్డు కాలే తీరు మీకు తెలిసినదే. గాలి తగ్గిన టైరు ఆ వేడిలో ఎక్కువసేపు నిలవదు. జంట ఇరుసులలో ఇబ్బంది ఒక్కటే, చేతులతో తోసి ఇంటి వసారాలో మలుపు తిప్పడం కష్టం.

మన పల్లెల్లో ఎద్దుల బండికి సరుకు ఎత్తేవారు ముందు బరువు, వెనక బరువు చూసి సర్దేవారు. వెనక బరువెక్కితే కాడి పైకి లేచి ఎద్దుల మెడలను లాగుతుంది, ముందు బరువెక్కితే మెడలు వంగిపోతాయి. ట్రెయిలర్‌కూ అదే సూత్రం. మొత్తం బరువులో దాదాపు పదో వంతు కప్లర్ మీద పడాలి, అయితే ట్రెయిలర్ తగిలించడానికి బొలెరో వెనక బిగించే టో బార్ మీద వ్రాసిన పరిమితిని అది దాటకూడదు. వెనక బరువెక్కిన ట్రెయిలర్ వేగం పెరిగేకొద్దీ పాము తోకలా ఊగడం మొదలుపెడుతుంది. చాలా ఏళ్ల క్రితం బాగేపల్లి దగ్గర నాకు ఆ అనుభవం కలిగింది. కారును వెనకవైపు తిప్పి ఎక్కించినందువల్ల ఇంజన్ బరువంతా ఇరుసుకు వెనక పడింది. అటువంటప్పుడు గట్టిగా బ్రేకు వేయకూడదు, స్టీరింగును అటూ ఇటూ తిప్పకూడదు. యాక్సిలరేటరు వదిలి, స్టీరింగును తిన్నగా పట్టుకుని, వేగం దానంతట అది తగ్గేదాకా ఓపిక పట్టాలి. మీ జెన్‌కు ఇంజన్ ముందు ఉంది కనుక ముందువైపుగానే ఎక్కించండి. కప్లర్ నుంచి ఇరుసుల మధ్యకు 3.7 మీటర్లు ఉన్న ట్రెయిలర్ మీద కారును 10 సెంటీమీటర్లు ముందుకు జరిపితే, కప్లర్ మీద బరువు 20 కిలోలు పెరుగుతుంది. ఇంట్లో మనుషుల బరువు చూసుకునే యంత్రాన్ని, లాగేటప్పుడు ఉండే ఎత్తులోనే, కప్లర్ కింద పెట్టి చూసి, సరిగ్గా కుదిరిన చోట చక్రాలకు అడ్డుకట్టలు వెల్డింగ్ చేయించుకుంటే ప్రతిసారీ కొలుచుకునే పని ఉండదు.

ట్రాకు కారు నేలకు దగ్గరగా ఉంటుంది కనుక ర్యాంపుల పొడవు కూడా ఆలోచించండి. తలం అర మీటరు ఎత్తున ఉంటే 1.8 మీటర్ల ర్యాంపు వాలు 16 డిగ్రీలు, 2.4 మీటర్ల ర్యాంపు వాలు 12 డిగ్రీలు. ముందు బంపరు గీసుకోకుండా ఎక్కాలంటే రెండవదే మేలు. కట్టేటప్పుడు రాచెట్ బెల్టులను (మీటతో బిగించే పట్టీలను) కారు బాడీకి కాకుండా నాలుగు చక్రాలకు వేయండి; స్ప్రింగుల మీద బాడీ ఎగిరిపడినా కట్టు సడలదు. బయలుదేరిన ఇరవై ముప్పై కిలోమీటర్లకు ఒకసారి ఆగి బిగువు చూసుకోండి, అప్పుడే చక్రాల మధ్యభాగాన్ని చేత్తో తాకి చూడండి. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగులో గ్రీజు లేదనో, బ్రేకు పట్టుకుందనో అర్థం.

చట్టం విషయానికి వస్తే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే. దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆమోదం పొందిన నమూనా ప్రకారం తయారు చేసి, అమ్మకపు పత్రమైన ఫారం 21ని, రోడ్డు యోగ్యతను ధ్రువీకరించే ఫారం 22ను ఇచ్చే తయారీదారు దగ్గరే కొనండి. ఆ కాగితాలు ఇవ్వలేనివారు ఎంత చక్కగా వెల్డింగ్ చేసినా ఆ బండి మీకు పనికిరాదు. టో బార్ బిగించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, ఆ తర్వాత బీమా కంపెనీకి కూడా వ్రాతపూర్వకంగా తెలియజేయండి.

ప్రశ్న: కారు ముందు చక్రాలను మాత్రమే పైకెత్తి, వెనక చక్రాలను రోడ్డు మీద దొర్లిస్తూ లాగే చిన్న డాలీ తక్కువ ధరకు వస్తుంది కదా? నా మారుతీ 800కు అది చాలదా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీ కారుకు ఇంజన్ శక్తి ముందు చక్రాలకే అందుతుంది కనుక యంత్రపరంగా డాలీ దానికి సరిపోతుంది, గేరుబాక్సుకు హాని కలగదు. అయినా నేను వద్దనే చెబుతాను. మన రోడ్డు నిబంధనలలో ఒక వాహనం మరొకదానిని లాగడానికి అనుమతి ప్రధానంగా చెడిపోయిన బళ్లకు, రిజిస్టరైన ట్రెయిలర్లకు ఉంది. చక్కగా నడిచే కారును డాలీ మీద కడప నుంచి రాజంపేట, రేణిగుంట మీదుగా చెన్నై దాకా లాగడం ఆ పరిధిలోకి రాదు. పైగా దొర్లే వెనక చక్రాలకు బ్రేకు పడదు. మీ కారు బరువు సుమారు 650 కిలోలే కనుక, తేలికైన జంట ఇరుసుల ట్రెయిలర్ మీద పెట్టినా మొత్తం 1200 కిలోల లోపే ఉంటుంది.

ప్రశ్న: మా ఇంట్లో ట్రాక్టర్ ట్రాలీ ఒకటి ఖాళీగా పడి ఉంది. పక్కపలకలు తీసివేసి, స్కార్పియోకు తగిలించి వాడుకోవచ్చా? ఏడాదికి రెండుసార్లకు మించి ట్రాకుకు వెళ్లను.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వాడకండి. ట్రాలీ పొలానికీ మార్కెట్ యార్డుకూ మధ్య ట్రాక్టర్ వేగంతో తిరగడానికి చేసినది. దాని స్ప్రింగు పట్టీలు టన్నుల కొద్దీ బరువుకు తగినంత బిరుసుగా ఉంటాయి కనుక, ఏడెనిమిది వందల కిలోల కారు కింద అవి వంగవు. ప్రతి గుంత దెబ్బా నేరుగా కారుకూ, టో బార్‌కూ తగులుతుంది. ట్రాక్టర్ కొక్కెం వేరు, కారు వెనక బిగించే గుండ్రని బంతి వేరు. ఆ బంతులలోనూ 50 మిల్లీమీటర్ల కొలత ఒకటి, రెండంగుళాల కొలత, అంటే 50.8 మిల్లీమీటర్లది, ఇంకొకటి ఉన్నాయి. రెండంగుళాల బంతి మీద 50 మిల్లీమీటర్ల కప్లర్ సరిగ్గా కూర్చోదు, పూర్తిగా తాళం పడదు. ట్రెయిలర్ ఎక్కడ కొన్నా బంతినీ కప్లర్‌నూ ఒకే కొలతలో అడిగి తీసుకోండి.

ఏడాదికి రెండు ప్రయాణాలే అయితే అసలు కొనవద్దని నా సలహా. సంవత్సరంలో మూడు వందల అరవై రోజులు ఎండలో నిలిచిన ట్రెయిలర్‌కు టైర్లు అరగకముందే పక్కలు పగుళ్లు ఇస్తాయి, బేరింగులు తుప్పు పడతాయి. చెడిపోయిన కార్లను మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీని రానూపోనూ మాట్లాడుకోండి. బయలుదేరే ముందు ఆ లారీ బీమాలో మోసే కారుకు రక్షణ ఉందో లేదో కాగితం చూసి నిర్ధారించుకోండి. చక్రాలకు బెల్టులు మాత్రం డ్రైవరుకు వదిలిపెట్టకుండా, మీరే దగ్గర నిలబడి కట్టించండి.