‘వేట బూట్లు’ మన నేలకు పనికివస్తాయా?

ప్రశ్న: పక్షుల ఫొటోలు తీయడం నాకు ఇష్టం. వానాకాలం మొదలు లంకమల అంచుల్లోనూ, అహోబిలం కొండదారుల్లోనూ, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి చేలలోనూ తిరగాలనుకుంటున్నాను. ‘వేట బూట్లు’ అని ఎక్కువ ధరకు అమ్ముతున్న జత ఒకటి చూశాను. అది మూడు చోట్లకూ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశంలో వేటను నిషేధించింది కనుక, ఆ పేరుతో వచ్చే బూట్లలో చాలావరకు చలిదేశాల వేటగాళ్లను ఉద్దేశించి తయారైనవే. మంచులో గంటల తరబడి కదలకుండా కూర్చునే మనిషికి కాలు వెచ్చగా ఉండాలని వాటిలో లోపలి పొర వేస్తారు. పెట్టె మీద 200, 400, 800 గ్రాములని రాసి ఉండేది ఆ పొర చదరపు మీటరుకు తూగే బరువే. రాయలసీమ ఎండలో అదే పొర పాదాన్ని చెమటలో నానబెడుతుంది, నానిన చర్మం రాపిడికి బొబ్బలెక్కుతుంది. అందుచేత అటువంటి జతను కొనవద్దని గట్టిగా చెబుతున్నాను.

లంకమలలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది ముల్లు. 1986లో మళ్లీ కనిపించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన కలివికోడి అనే అరుదైన పక్షి బతికేది కూడా అక్కడి ముళ్లపొదల మధ్యనే. మెత్తటి స్పాంజి సోలున్న పరుగు బూట్లతో నేనొకసారి అటువంటి నేల మీద ఒక పూట నడిచి వచ్చి, సోలులో విరిగిన తుమ్మముళ్లను పట్టకారుతో ఒక్కొక్కటిగా లాగవలసి వచ్చింది. వాటిలో ఒకటి సోలును దాటి మేజోడు దాకా వచ్చింది. కాబట్టి రెండు చేతులతో వంచితే మునివేళ్ల దగ్గర మాత్రమే వంగే గట్టి సోలునూ, జాలీగుడ్డ కాకుండా తోలు పైభాగాన్నీ ఎంచుకోండి.

అహోబిలంలో సమస్య వేరు. భవనాశిని వాగులో తడిసిన బండల మీద గట్టి ప్లాస్టిక్ సోలు జారుతుంది. గోటితో నొక్కితే కొద్దిగా లొంగే రబ్బరు సోలు పట్టు ఇస్తుంది. పాచి పట్టిన బండ మీద మాత్రం ఏ సోలునూ నమ్మవద్దు. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తగిలి గోళ్లు నల్లబడకుండా, వేళ్లకు ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కనుక, ఆ వేళలో, మీరు వాడబోయే మందపాటి మేజోళ్లు తొడుక్కుని అంగడికి వెళ్లండి. మడమ లేస్తున్నట్టు అనిపిస్తే, ధర ఎంత తగ్గించినా ఆ జత తీసుకోకండి.

నల్లరేగడి తడిసినప్పుడు దగ్గర దగ్గరగా గాట్లున్న సోలు నిండా బంక పట్టి అడుగడుగునా బరువు పెరుగుతుంది. గాట్లు ఎడంగా ఉంటే మట్టి కొంత రాలుతుంది. వాన పడిన మర్నాడు వెళ్లక తప్పదంటే, రైతులు వాడే గమ్‌బూట్లు చాలు.

ఎండినప్పుడు ఆ నేల నెర్రెలు చీలి చీలమండ మెలితిరుగుతుంది. రక్తపింజరి, చిన్నపింజరి వంటి పాములు కాటు వేసేది కూడా ఎక్కువగా పాదం మీదా, పిక్కకు దిగువనే. ఈ రెండు కారణాల వల్ల చీలమండను కప్పే ఆరంగుళాల ఎత్తు అవసరం. దానిపై మందపాటి గుడ్డతో కుట్టిన వదులు ప్యాంటు వేసుకోండి. ఏ బూటూ పాముకాటు నుంచి పూర్తి రక్షణ ఇవ్వదు కాబట్టి, మసక వెలుతురులో టార్చి లేకుండా పొదల్లో అడుగు పెట్టకండి. విప్పి ఉంచిన బూటును తొడుక్కునే ముందు తిరగేసి దులపండి, తేళ్లు దూరే అవకాశం ఉంది.

లోపలి పొర లేని ఆరంగుళాల తోలు బూటు, ఎడంగా గాట్లున్న రబ్బరు సోలుతో, మీకు ఏడాదిలో ఎక్కువ భాగం సరిపోతుంది. అడవికి వెళ్లే ముందు రెండు వారాలు ఊళ్లోనే తొడుక్కుని తిరగండి. సోలు కేవలం జిగురుతో అతికించినదైతే మన ఎండలకు ఊడివచ్చే ప్రమాదం ఉంది కనుక, కొన్న రోజే చెప్పులు కుట్టే వారి దగ్గర చుట్టూ ఒక వరుస కుట్టు వేయించండి.