సిగరెట్ మానడానికి వాడే మాత్రలతో డిప్రెషన్ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 46. ఇరవై ఏళ్లకు పైగా సిగరెట్లు తాగాను. మానేద్దామని డాక్టర్‌ను కలిస్తే వరెనిక్లిన్ మాత్రలు రాశారు. మొదలుపెట్టి ఐదు వారాలైంది. రెండో వారం నుంచి ఒక్క సిగరెట్ కూడా ముట్టుకోలేదు. కానీ మూడు వారాలుగా మనసు బాగుండటం లేదు. ఏ పనిమీదా ఆసక్తి లేదు. రాత్రిళ్లు ఏవేవో కలలు, తెల్లవారుజామునే మెలకువ. నేను మాట్లాడటమే తగ్గించేశానని నా భార్య అంటోంది. ఈ మాత్రలతో డిప్రెషన్ వస్తుందని ఇంటర్నెట్‌లో చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది. పదేళ్ల క్రితం కొన్నాళ్లు డిప్రెషన్‌కు మందులు వాడాను. ఆ సంగతి ఇప్పటి డాక్టర్‌కు చెప్పలేదు. మాత్రలు ఆపేయమంటారా?

జవాబు: అన్నిటికంటే ముందు ఒక సంగతి మిమ్మల్ని అడగాలి. బతకడం వృథా అనిగానీ, ప్రాణం తీసుకోవాలనిగానీ ఎప్పుడైనా అనిపించిందా? ఒక్కసారి అనిపించినా ఇక మాత్ర వేసుకోకండి. ఇప్పుడే మీ భార్యకు చెప్పండి. ఒంటరిగా ఉండకుండా ఈ రోజే డాక్టర్ దగ్గరికో, దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకో వెళ్లండి. విపరీతమైన ఆందోళన, కోపం పట్టలేకపోవడం, లేనివి కనిపించడం, వినిపించడం లాంటివి ఉన్నా చేయాల్సింది ఇదే.

అలాంటివేవీ లేకపోయినా ఆలస్యం చేయకుండా మీ డాక్టర్‌ను కలవండి. దిగులు, అనాసక్తి రెండు వారాలు దాటి దాదాపు రోజంతా ఉంటున్నాయంటే డిప్రెషన్ ఉందేమో చూడాల్సిందే. మీకు మూడు వారాలైంది, పైగా ఇంతకుముందు ఒకసారి వచ్చింది. కాబట్టి ‘సిగరెట్ మానితే ఇలాగే ఉంటుంది, అదే పోతుంది’ అని ఎవరన్నా సరిపెట్టుకోకండి.

ఇక మీరు చదివిన విషయం. అది అబద్ధం కాదు, కానీ పాతది. వరెనిక్లిన్ 2006లో అమెరికాలో అనుమతి పొందింది. వాడినవారిలో కొందరికి డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్న ఫిర్యాదులు రావడంతో 2009లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్యాకెట్ సమాచారంలో అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. ఇదే పనికి వాడే బుప్రోపియాన్‌కూ అదే హెచ్చరిక పెట్టారు. అయితే ఆ ఫిర్యాదుల్లో చాలా అప్పుడే సిగరెట్ మానుతున్నవారివి. కారణం మాత్రా, నికోటిన్ అందకపోవడమా అన్నది వాటినిబట్టి తేల్చలేం.

తేల్చడానికి పెద్ద అధ్యయనమే చేశారు. 16 దేశాల్లో 8 వేల మందికి పైగా పాల్గొన్నారు. వారిలో సగం మందికి మానసిక సమస్యల చరిత్ర ఉంది. వరెనిక్లిన్, బుప్రోపియాన్, చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్, మందు లేని ఉత్తుత్తి మాత్రలను పోల్చి చూశారు. 2016లో ఫలితాలు వచ్చాయి. మానసిక సమస్యల చరిత్ర ఉన్నవారిలో వరెనిక్లిన్ వాడినవాళ్లలో 6.5 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 4.9 శాతం మందికి చెప్పుకోదగ్గ మానసిక ఇబ్బందులు వచ్చాయి. ఆ తేడా మందువల్లే అని చెప్పగలిగేంత పెద్దది కాదు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే ఎఫ్‌డీఏ ఆ తీవ్ర హెచ్చరికను తీసేసింది. మానసిక మార్పులు కనిపిస్తే మాత్ర ఆపి డాక్టర్‌ను కలవాలన్న సాధారణ సూచన మాత్రం ఉంది.

మీ విషయంలో నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. ఆ చరిత్ర లేనివారిలో ఈ ఇబ్బందులు ఏ మందుతోనైనా 1 నుంచి 3 శాతం లోపే. అంటే ఏ మందు వాడారన్నదానికంటే, ఇదివరకు మానసిక సమస్య ఉందా లేదా అన్నదే పెద్ద తేడా తెచ్చింది. మీరు చెప్పకుండా ఉంచిన సంగతి డాక్టర్‌కు అంత అవసరం. దాన్ని దాచాల్సిన పనే లేదు. తెలిస్తే ఆయన మిమ్మల్ని మరింత తరచుగా పిలిచి చూసేవారు.

నికోటిన్ అందకపోవడం వల్ల కూడా దిగులు, చిరాకు, నిద్రలేమి వస్తాయి. ఇవి మానిన ఒకట్రెండు రోజుల్లో మొదలై, మొదటి వారంలో బాగా ఎక్కువై, చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతాయి. మీది రోజురోజుకూ కొంచెమైనా తగ్గుతోందా, అలాగే ఉందా, పెరుగుతోందా? మాత్ర వేసుకుంటూనే సిగరెట్ తాగిన మొదటి వారంలో మనసెలా ఉండేది? ఈ రెండూ రాసుకుని వెళ్లండి. కారణం తేల్చడానికి ఏ రక్తపరీక్షా ఇంత పనికిరాదు.

కలలు మాత్రం చాలావరకు ఈ మాత్ర పనే. వికారం, నిద్ర సరిగా పట్టకపోవడం కూడా మామూలే. రెండో మాత్రను పడుకునేముందు కాకుండా సాయంత్రమే ఏదైనా తిన్నాక వేసుకుంటే కొందరికి నిద్ర మెరుగవుతుంది. కాఫీ, టీలు ఎక్కువగా తాగుతారా? సిగరెట్ పొగ కెఫీన్‌ను ఒంట్లోంచి త్వరగా పంపించేస్తుంది. మానాక అదే కాఫీ రక్తంలో ఎక్కువసేపు ఉండి గుండెదడ, ఆందోళన, నిద్రలేమి తెస్తుంది. సగానికి తగ్గించి చూడండి. మానసిక జబ్బులకు వాడే క్లోజపిన్, ఒలాంజపిన్, ఆస్తమాకు వాడే థియోఫిలిన్ మోతాదులు కూడా ఇదే కారణంతో మార్చాల్సి వస్తుంది. అందుకే వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కు చూపించండి.

మాత్రలు ఆపాలా అన్నదానికి నా అభిప్రాయం: మీలో మార్పు కనిపించింది కాబట్టి, పైన చెప్పిన సూచన ప్రకారం ప్రస్తుతానికి ఆపి వెంటనే డాక్టర్‌తో మాట్లాడండి, ఆ తర్వాతే ఏదైనా. ఆయన మోతాదు తగ్గించవచ్చు, నికోటిన్ ప్యాచ్‌కో నికోటిన్ చూయింగ్ గమ్‌కో మార్చవచ్చు, డిప్రెషన్ ఉందని తేలితే దానికి చికిత్స మొదలుపెట్టవచ్చు. బుప్రోపియాన్ అసలు డిప్రెషన్ మందే. అలాగని మీకు అదే సరిపోతుందని కాదు. మూర్ఛ ఉన్నవారికి అది పనికిరాదు.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. ఈ దిగులుకు మందుగా సిగరెట్ వెలిగించకండి. వెలిగించిన వెంటనే కలిగే హాయి, అంతకుముందు నికోటిన్ తగ్గి పుట్టిన వెలితి తీరడమే. మానేసినవారిలో కొన్ని వారాలు గడిచాక డిప్రెషన్, ఆందోళన తగ్గుతాయని 2014లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. మానసిక సమస్యలు ఉన్నవారికీ ఆ మేలు కనిపించింది. మీరు మొదటి నాలుగు వారాలు దాటేశారు, కష్టమైన భాగం అదే.

డాక్టర్ దగ్గరికి మీ భార్యను వెంట తీసుకెళ్లండి. మీలో వచ్చిన మార్పు మీకంటే ఆమెకే ముందు కనిపించింది. అప్పటివరకు మద్యం జోలికి వెళ్లవద్దు. ఈ మాత్ర వాడేవారిలో కొందరికి కొద్దిగా తాగినా మత్తు ఎక్కువగా ఎక్కుతుంది, ప్రవర్తన అదుపు తప్పుతుంది.