స్కూలు ఫారంలో ఇంటి భాష ఏమని రాయాలి?

తమ్ముడూ, ఆదోని నుంచి పిల్లల్ని తీసుకొని డల్లాస్ పక్కకు వచ్చావు. స్కూలు ఫారంలో 'ఇంట్లో ఏ భాష మాట్లాడతారు' అని అడిగితే ఇంగ్లీష్ అని రాసేయమని అపార్ట్‌మెంటులో నలుగురూ చెప్తున్నారంటున్నావు. వాళ్ల మాట వినొద్దు, తెలుగు అనే రాయి. జేజితో కన్నడం, పక్కింటివాళ్లతో ఉర్దూ మాట్లాడడం మన ఆదోనిలో మామూలే గానీ, ఇక్కడ అడిగేది ప్రధానంగా బిడ్డ సంగతి. కర్నూలులో ఉర్దూ ఇంట్లో పెరిగిన పిల్లలైతే ఉర్దూ అనే రాయాలి.

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీష్ రాని చైనా పిల్లలకు ఏ సాయమూ చేయకుండా క్లాసులో కూర్చోబెడితే అది సమానంగా చదువు చెప్పినట్టు కాదని 1974లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే వేరే భాష రాస్తే బిడ్డకు వినడం, మాట్లాడడం, చదవడం, రాయడంలో పరీక్ష పెడతారు. మన ఇంగ్లీష్ మీడియం పిల్లలు చదవడం, రాయడం గట్టెక్కిస్తారు. బొమ్మ చూపించి కథ చెప్పమంటేనే నోరు పెగలదు; మన దగ్గర ఆన్సర్లు బట్టీ పట్టించారే గానీ మాట్లాడనిచ్చిందెక్కడ! తక్కువ వస్తే అదనంగా ఇంగ్లీష్ నేర్పుతారు, పైసా కట్టక్కర్లేదు. వద్దనుకుంటే కాగితం మీద రాసిచ్చే హక్కు నీకుంది, కాకపోతే బిడ్డ గట్టెక్కేదాకా ఏటా పరీక్ష తప్పదు. వీసాకూ దీనికీ సంబంధం లేదు. హైస్కూలు పిల్లలకు మాత్రం ఈ క్లాసు వల్ల ఇష్టమైన సబ్జెక్టు ఏదైనా పోతుందేమో సబ్జెక్టుల సంగతి చూసే స్కూలు కౌన్సిలర్‌ను ముందే అడుగు.

సెన్సస్ వాళ్ల అమెరికన్ కమ్యూనిటీ సర్వే వచ్చినా ఇదే ప్రశ్న. ఇంట్లో వేరే భాష మాట్లాడే, ఐదేళ్లు నిండిన ప్రతి మనిషికీ ఇంగ్లీష్ చాలా బాగా వచ్చా, బాగా వచ్చా, అంతంతమాత్రమా, అసలు రాదా అని అడుగుతారు. పరువుకుపోయి అమ్మానాన్నలకు కూడా 'చాలా బాగా' అని టిక్కు కొట్టేవాళ్లున్నారు. మొదటి గడి తప్ప మిగతా మూడింటినీ కలిపే సాయం అవసరమైనవాళ్ల లెక్క తీస్తారు. ఆ పరువు వల్ల మనవాళ్ల లెక్కే తగ్గుతుంది.

అమ్మానాన్నలు వచ్చాక ఆసుపత్రిలో ఇది ఇంకా ముఖ్యం. కొడుకు పక్కనుంటే ఒంటేలు మంట సంగతి చెప్పే పెద్దాయన ఎవరు? కోడలి ముందర అత్త ఏం చెప్తుంది? దుబాసీని ఆసుపత్రి వాళ్లే ఉచితంగా ఇస్తారు. నర్సు ఫోన్లో భాష చెప్పి స్పీకర్ పెడుతుంది, అటు నుంచి తెలుగు గొంతు పలుకుతుంది. ఒక్కో మాట చెప్పి ఆగమని నాన్నకు ముందే చెప్పు, లేకపోతే బస్టాండులో చెప్పినట్టు కథంతా ఒకే గుక్కలో చెప్పేస్తాడు. ఇండియా అనగానే హిందీ మనిషిని కలుపుతుంటారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే 'తెలుగు, హిందీ కాదు' అని చెప్పి రికార్డులో ఎక్కించు.